మోటారు బలం కనెక్టింగ్ రాడ్ మీద పడదు

సంపాదకులకు నమస్కారాలు.

హైబ్రిడ్ కారు (పెట్రోలు ఇంజనూ విద్యుత్ మోటారూ రెండూ ఉండే కారు) ఇంజనుకు టర్బో, అంటే పొగ బలంతో తిరుగుతూ ఇంజనులోకి గాలిని కుదించి పంపే పరికరం, బిగించడం గురించి మీ పత్రిక వాహనాల పేజీలో ఇటీవల వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. కంపెనీ నుంచి వచ్చిన పిస్టన్లు, వాటి తోపును కిందికి అందించే కనెక్టింగ్ రాడ్లు, ఆ రాడ్లు తిప్పే క్రాంక్‌షాఫ్ట్, బేరింగులు అలాగే ఉంచి, అంటే ఈ పనిలో ఉన్నవాళ్లు స్టాక్ బాటమ్ ఎండ్ అనే దాని మీదనే, టర్బో పెట్టడం ప్రమాదమని వ్యాసకర్త హెచ్చరించారు. ఆ హెచ్చరికతో నాకు పేచీ లేదు. అందుకు ఆయన చూపిన కారణంతోనే పేచీ. టర్బో వల్ల పెరిగే టార్క్ (తిప్పే బలం), విద్యుత్ మోటారు ఇచ్చే టార్క్ రెండూ కలిసి కనెక్టింగ్ రాడ్ల మీద పడతాయి కాబట్టి మామూలు కారులో కంటే హైబ్రిడ్ కారులో కింది భాగం తొందరగా దెబ్బతింటుందని ఆయన రాశారు. ఇది తప్పు. నిజం దీనికి దాదాపు తలకిందులుగా ఉంటుంది. ఈ ఒక్క సంగతి సరిగా అర్థమైతే ఎంత పెద్ద టర్బో ఎంచుకోవాలి, బూస్ట్‌ను (టర్బో అదనంగా ఇచ్చే గాలి పీడనాన్ని) ఇంజను ఏ వేగం దగ్గర రానివ్వాలి అనే రెండు ముఖ్యమైన నిర్ణయాలు కూడా మారిపోతాయి.

ఉదాహరణకు 2010లో హోండా విడుదల చేసిన సీఆర్-జెడ్‌ను తీసుకుందాం. 6 గేర్ల మాన్యువల్ గేర్‌బాక్సుతో దొరికిన హైబ్రిడ్ కావడం వల్ల టర్బో సరదా ఉన్నవాళ్ల చూపు సహజంగానే దాని మీద పడింది. అందులోది 1497 సీసీల నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను. బోరు (సిలిండరు వ్యాసం) 73 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టను కదిలే దూరం) 89.4 మిల్లీమీటర్లు, కంప్రెషన్ నిష్పత్తి (పిస్టను సిలిండరులోని గాలిని ఎన్నో వంతుకు కుదిస్తుందో చెప్పే అంకె) 10.4. ఇంజనుకూ క్లచ్‌కూ మధ్య, మామూలు కార్లలో ఫ్లైవీల్ ఉండే చోట, పళ్లెంలా పలచగా ఉండే మోటారును ఇరికించారు. దాని రోటరు (తిరిగే భాగం) క్రాంక్‌షాఫ్ట్ వెనక కొసకు బోల్టులతో బిగించి ఉంటుంది. రోటరులో పుట్టిన టార్క్ అక్కడి నుంచి నేరుగా క్లచ్‌కు, క్లచ్ నుంచి గేర్‌బాక్సుకు పోతుంది. అది వెనక్కి తిరిగి రాడ్లు క్రాంక్‌షాఫ్ట్‌కు తగులుకునే క్రాంక్ పిన్నుల దాకా వచ్చి, అక్కడి నుంచి కనెక్టింగ్ రాడ్ ఎక్కి పిస్టను మీద కూర్చోవడానికి దారే లేదు. రాడ్ మీద పడేవి రెండే బలాలు: మండిన వాయువు పిస్టనును కిందికి తోసే బలం, పిస్టనూ రాడ్ తమ సొంత బరువుతో పైకీ కిందికీ ఉరకడం వల్ల పుట్టే జడత్వ బలం. మోటారు ఎంత పెద్దదైనా ఈ లెక్కలోకి రాదు.

ఆ రెండు బలాలు ఎంతెంత ఉంటాయో ఒకసారి లెక్కవేసి చూస్తే మిగతా వాదమంతా తేలికవుతుంది. 73 మిల్లీమీటర్ల బోరుకు పిస్టను తల వైశాల్యం సుమారు 42 చదరపు సెంటీమీటర్లు. టర్బో లేని పెట్రోలు ఇంజనులో పూర్తి లోడు మీద సిలిండరులో అత్యధిక పీడనం 65 బార్ అనుకుంటే పిస్టను మీద దాదాపు 2.8 టన్నుల బరువు పడుతుంది. అర బార్ బూస్ట్ ఇచ్చి అదే పీడనాన్ని 100 బార్ దగ్గరకు తీసుకెళితే బరువు 4.3 టన్నులు అవుతుంది. ఇక జడత్వం సంగతి చూద్దాం. పిస్టను, పిన్ను, రాడ్ పైభాగం కలిపి 400 గ్రాములు అనుకుంటే, 6000 ఆర్‌పీఎం (నిమిషానికి క్రాంక్‌షాఫ్ట్ తిరిగే చుట్లు) దగ్గర పిస్టను పైకొచ్చి ఆగి తిరిగే క్షణంలో అది సుమారు 0.9 టన్నుల బలంతో పైకి లాగుతుంది. ఇదే 2500 ఆర్‌పీఎం దగ్గరైతే 0.16 టన్నులే, ఎందుకంటే జడత్వం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. మంట అంటుకునే క్షణంలో వాయువు కిందికి తోస్తుంటే జడత్వం పైకి లాగుతుంది కాబట్టి ఒకటి రెండోదానిలోంచి తీసివేత అవుతుంది. అంటే ఒకే 100 బార్ పీడనం 6000 దగ్గర రాడ్‌ను 3.4 టన్నులతో నొక్కితే 2500 దగ్గర 4.1 టన్నులకు పైగా నొక్కుతుంది. టర్బో బిగించిన ఇంజన్లలో సన్నని రాడ్లు వంగేది ఎక్కువగా నిదానపు వేగంలో, పెద్ద గేరులో, పెడల్ మొత్తం తొక్కినప్పుడే అన్నది ఈ పనివాళ్లందరికీ తెలిసిన విషయమే. దాని వెనక ఉన్న లెక్క ఇది.

రాడ్ ఒక్కటే కాదు, పిస్టన్ల కష్టం కూడా అక్కడే మొదలవుతుంది. నిదానపు వేగంలో ప్రతి మంటకూ సమయం ఎక్కువ ఉంటుంది. మంట ఇంకా చేరని మూలన ఉన్న మిశ్రమం వేడెక్కి తనంతట తానే పేలడానికి, అంటే నాకింగ్‌కు, కావలసినంత వ్యవధి దొరుకుతుంది. 5500 దగ్గర అదే బూస్ట్‌ను నిశ్శబ్దంగా మోసే ఇంజను 2200 దగ్గర గవ్వలు గిలకరించినట్టు చప్పుడు చేయడానికి కారణం ఇదే.

మరి జనం నిదానపు వేగంలో బూస్ట్ ఎందుకు కోరుకుంటారు? టర్బో ఆలస్యం పోగొట్టడానికి. పెడల్ తొక్కిన తర్వాత టర్బైను (టర్బోలో పొగ తిప్పే చక్రం) వేగం అందుకునే దాకా బండి నీరసంగా ఉంటుందని, దానికి విరుగుడుగా చిన్న టర్బో పెట్టి 2000 దగ్గరే బూస్ట్ వచ్చేలా చేస్తారు. మామూలు కారులో ఇది అర్థమయ్యే రాజీయే. హైబ్రిడ్ కారులో ఆ రాజీ అవసరమే లేదు, ఎందుకంటే ఆ వెలితిని పూడ్చే మోటారు ముందే అక్కడ కూర్చుని ఉంది. సీఆర్-జెడ్ మోటారు సామర్థ్యం 10 కిలోవాట్లే అయినా దాని టార్క్ సుమారు 78 న్యూటన్ మీటర్లు, అదీ వెయ్యి ఆర్‌పీఎం ప్రాంతంలోనే. ఇంజను సొంతంగా ఇచ్చే గరిష్ఠ టార్క్ 145, అదీ 4800 దగ్గర. ఇంజనులో సగం బలం ఉన్న పనివాడు నిదానపు వేగంలో రాడ్లకు ఏ శ్రమా లేకుండా పనిచేయడానికి సిద్ధంగా ఉంటే, వాడిని పక్కన పెట్టి ఆ పని కూడా పిస్టన్ల నెత్తినే వేయడం తెలివైన పని కాదు. కాబట్టి స్టాక్ బాటమ్ ఎండ్ మీద పనిచేసేవారు మామూలుగా ఎంచుకునే దానికంటే ఒక మెట్టు పెద్ద టర్బో తీసుకుని, 3500 వరకు బూస్ట్‌ను దాదాపు రానివ్వకుండా, అక్కడి నుంచి నెమ్మదిగా పెంచి, 0.4 లేదా 0.5 బార్ దగ్గర, బూస్ట్ అంతకు మించకుండా పొగను పక్కకు వదిలే వేస్ట్‌గేటు తెరుచుకునేలా పెట్టుకోవాలని నా అభిప్రాయం. గరిష్ఠ ఆర్‌పీఎం పరిమితిని మాత్రం కంపెనీ పెట్టిన చోటు నుంచి కదపకూడదు. వేగం 20 శాతం పెంచితే జడత్వ బలం 44 శాతం పెరుగుతుంది. పొగ బయటికి పోయే స్ట్రోకు చివర పిస్టనును ఆపే వాయువు ఉండదు గనుక ఆ లాగుడంతా రాడ్ బోల్టుల మీదే పడుతుంది.

ఇదంతా కాగితం మీద లెక్క అని ఎవరికైనా అనిపించవచ్చు. నేను ఈ లెక్క నేర్చుకున్నది ఒక ఇంజను పోగొట్టుకున్నాకే. ఒక 1.5 లీటర్ల హైబ్రిడ్ ఇంజనుకు చిన్న టర్బో పెట్టి, బూస్ట్ 2200 దగ్గరే నిండుగా వచ్చేలా సరిచేసి, రెండు వారాల పాటు రోజూ నడిపి చూసి, అంతా బాగుందని తృప్తి పడ్డాను. ఆ రెండు వారాలూ బ్యాటరీ నిండుగా ఉందన్న సంగతి నాకు తట్టలేదు. మోటారు సాయం చేస్తున్నంత సేపు పెడల్ మీద కాలు లోతుగా పడే అవసరం రాలేదు కాబట్టి, నిదానపు వేగంలో పూర్తి బూస్ట్ అనే పరిస్థితి ఆ ఇంజనుకు ఎన్నడూ ఎదురు కాలేదు. ఒక రోజు ఆగకుండా సాగే పొడవాటి ఎక్కుడులో సగం దూరం వెళ్లేసరికి బ్యాటరీ అడుగంటి మోటారు సాయం ఆగిపోయింది. బండి మందగించింది, నేను నాలుగో గేరులోనే ఉంచి పెడల్ చివరి దాకా తొక్కాను. మహా అయితే పది సెకన్లు. అద్దాలు మూసి ఉండడం వల్ల నాకు చప్పుడేమీ వినిపించలేదు. పైకి చేరి ఆగాక చూస్తే వెనక నీలిపొగ.

కంప్రెషన్ చూస్తే మిగతా మూడు సిలిండర్లలో 12 బార్ పైన, మూడో సిలిండరులో 6 కూడా లేదు. స్పార్క్ ప్లగ్ తీసి భూతద్దం కింద పెడితే తెల్లని పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు సన్నని చుక్కలు, వాటి మధ్య అక్కడక్కడ మెరిసే అల్యూమినియం రవ్వలు. పిస్టను తల నుంచి కరిగి వచ్చిన లోహం అది. ఇంజను విప్పితే మూడో పిస్టనులో మొదటి రింగుకూ రెండో రింగుకూ మధ్య ఉండే సన్నని గట్టు, చిటికెనవేలి గోరంత ముక్క, విరిగి గాడిలోనే ఇరుక్కుని ఉంది. రాడ్ మాత్రం నిటారుగానే ఉంది. పోత పోసిన పిస్టన్ల స్వభావం ఇదే: నెమ్మదిగా పెరిగే బరువును చాలావరకు ఓర్చుకుంటాయి గానీ నాకింగ్ కొట్టే సుత్తి దెబ్బలకు పెళుసుగా విరుగుతాయి. రింగు కొసల మధ్య సందు కూడా తగినంత లేదని తర్వాత తేలింది. టర్బో లేని ఇంజనుకు ఈ బోరులో 0.3 మిల్లీమీటర్ల దగ్గర ఉంచే సందు టర్బో వేడికి చాలదు, 0.4 దగ్గరైనా ఉండాలి. లేకపోతే రింగు వ్యాకోచించి రెండు కొసలూ ఒకదానికొకటి తగిలి, పోవడానికి చోటు లేక గట్టునే పగలగొడుతుంది. ఇంజను విప్పకుండా ఈ సందు మార్చలేము. కంపెనీ కింది భాగాన్ని ముట్టుకోకుండా వదలాలనుకునేవారు బూస్ట్‌ను తక్కువలో ఆపుకోవడానికి ఇదొక్క కారణం చాలు.

గాలి వేడి గురించి వ్యాసంలో ఒక్క వాక్యమే ఉంది. అది సరిపోదు. 27 డిగ్రీల గాలిని అర బార్ బూస్ట్‌కు కుదిస్తే, 70 శాతం సామర్థ్యమున్న కంప్రెసరు నుంచి అది 80 డిగ్రీల దగ్గర బయటికి వస్తుంది. ఒక బార్‌కు కుదిస్తే 120 డిగ్రీలు దాటుతుంది. 10.4 కంప్రెషన్ ఉన్న ఇంజనులోకి ఆ గాలిని అలాగే పంపడమంటే నాకింగ్‌ను పిలిచి పీట వేయడమే. హైబ్రిడ్ కారు ముందు భాగంలో ఇంజను రేడియేటరు, ఏసీ కండెన్సరు, కొన్నిటిలో ఇన్వర్టరుకు (బ్యాటరీ కరెంటును మోటారుకు తగ్గట్టు మార్చే పరికరానికి) ప్రత్యేకమైన రేడియేటరు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. టర్బో నుంచి వచ్చే వేడిగాలిని చల్లబరిచే ఇంటర్‌కూలరును చల్లగాలి ముందుగా తగిలే చోట పెడితే దాని వేడి వెనకవాటికి పోతుంది, వెనక పెడితే వాటి వేడి దీనికి తగులుతుంది. ఇన్వర్టరు వేడెక్కితే కంట్రోలరు మోటారు సాయాన్ని తగ్గిస్తుంది, మోటారు తగ్గితే కథ మళ్లీ నా మూడో పిస్టను దగ్గరకే వస్తుంది. అందుకని ఆ రేడియేటరుకు విడిగా గాలి దారి చూపించాకే ఇంటర్‌కూలరు కొలతలు తీసుకోవడం మంచిది.

పెట్రోలు లెక్క కూడా కొంత చెప్పాలి. ఇంజనులోకి గాలి వెళ్లే గొట్టంలో, అంటే మ్యానిఫోల్డ్‌లో, కంపెనీ బిగించిన పీడన సెన్సారు వాతావరణ పీడనానికి కొంచెం పై దాకానే చదవగలదు. లోపల 1.5 బార్ ఉన్నా కంప్యూటరుకు 1 బార్ ఉన్నట్టే కనబడితే కావలసిన పెట్రోలులో మూడో వంతు తక్కువ పడుతుంది. పలచబడిన మిశ్రమం పూర్తి లోడు మీద పిస్టన్లకు ఏం చేస్తుందో వివరించనక్కరలేదు. సెన్సారు, ఇంజెక్టర్లు, ఇగ్నిషన్ టైమింగ్ మూడూ కలిపి సరిచేసి, బూస్ట్‌లో లాంబ్డా (గాలి, పెట్రోలు పాళ్ల కొలత; 1 కంటే తగ్గితే పెట్రోలు ఎక్కువని) 0.8 దగ్గర ఉంచుకోకుండా టర్బో పైపు బిగించకూడదు.

కంపెనీ కింది భాగం మీద గాలి నొక్కడం అసాధ్యమేమీ కాదనడానికి నా మాట ఒక్కటే ఆధారం కాదు. హోండా పెర్ఫార్మెన్స్ డెవలప్‌మెంట్ విభాగం అమెరికాలో సీఆర్-జెడ్‌కు సూపర్‌ఛార్జర్ కిట్ అమ్మింది. మోటారుతో కలిపి దాని సామర్థ్యం 197 హార్స్‌పవర్. సూపర్‌ఛార్జరు బెల్టుతో తిరుగుతుంది, టర్బో పొగతో తిరుగుతుంది. సిలిండరులో పిస్టనుకు తెలిసేది మాత్రం పీడనం ఒక్కటే. మొదటి నుంచీ టర్బో హైబ్రిడ్‌గానే రూపొందించిన ఇంజన్ల సంగతి వేరు. బీఎండబ్ల్యూ ఐ8లో మూడు సిలిండర్ల 1.5 లీటర్ల ఇంజను ఒక్కటే 170 కిలోవాట్లు ఇస్తుంది. దాన్ని చూపించి మన ఇంజను కూడా అంత మోస్తుందనడం, వస్తాదు భుజాన్ని చూపించి పసివాడి నెత్తిన బస్తా పెట్టడం లాంటిది.

ఇప్పటిదాకా చెప్పింది మోటారు క్రాంక్‌షాఫ్ట్ కొసన ఉండే కార్లకు మాత్రమే వర్తిస్తుంది. ప్రియస్ తరహా కార్లను కూడా వ్యాసకర్త ఇదే గాటన కట్టారు. అక్కడ ఇంజను, రెండు మోటార్లు గ్రహచక్రపు గేర్లతో ముడిపడి ఉంటాయి. మధ్య గేరుకు 30 పళ్లు, బయటి వలయానికి 78 పళ్లు ఉండడం వల్ల ఇంజను టార్క్‌లో 72 శాతం చక్రాల వైపు, 28 శాతం మొదటి మోటారు వైపు పోతుంది. ఆ 28 శాతాన్ని మొదటి మోటారు ఎదురు నిలిచి పట్టుకుంటేనే మిగతాది చక్రాలకు అందుతుంది. 1.8 లీటర్ల ప్రియస్ ఇంజను టార్క్ 142 న్యూటన్ మీటర్లు కాబట్టి ఆ మోటారు 40 పట్టుకుంటుంది. టర్బోతో ఇంజను టార్క్ 200 చేస్తే మోటారు 56 దగ్గర పట్టుకోవాలి. అది పట్టుకోలేకపోయినా, కంట్రోలరు అందుకు ఒప్పుకోకపోయినా అదనపు బలం చక్రాలకు చేరదు, ఇంజను పట్టు తప్పి వేగం పెరిగిపోతుంది. దానికి తోడు ఆ ఇంజను అట్కిన్సన్ పద్ధతిది. నిష్పత్తి 13 అని రాసి ఉన్నా, ఇన్‌టేక్ వాల్వు ఆలస్యంగా మూసుకుని పీల్చిన గాలిలో కొంత వెనక్కి పంపేస్తుంది కాబట్టి నిజంగా కుదించేది అంతకంటే తక్కువ. ఆ వాల్వు టైమింగ్‌ను కదపకుండా బూస్ట్ ఇస్తే కుదించిన గాలిలో కొంత తిరిగి మ్యానిఫోల్డ్‌లోకే పోతుంది. టైమింగ్ ముందుకు జరిపితే 13 నిష్పత్తి పూర్తిగా నెత్తి మీదికి వస్తుంది. ఆ కార్లను వదిలేయమనే నా సలహా.

వ్యాసంలో లేనిదీ, హైబ్రిడ్ కార్లకే ప్రత్యేకమైనదీ ఇంకొకటి ఉంది. సిగ్నల్ దగ్గర ఇంజను తనంతట తాను ఆగిపోతుంది. అప్పటిదాకా గట్టిగా నడిపి ఉంటే టర్బైను ఎర్రగా కాలి ఉంటుంది, ఇంజనుతో పాటు ఆయిల్ పంపు కూడా ఆగిపోతుంది, బేరింగులో మిగిలిన ఆయిలు ఆ వేడికి మాడి బొగ్గు కడుతుంది. రోజుకు ఒకటి రెండుసార్లు ఇంజను ఆపే మామూలు కారులో అరుదుగా జరిగేది ఇక్కడ ప్రతి కూడలిలో జరుగుతుంది. కాబట్టి నీటితో కూడా చల్లబడే టర్బోనే ఎంచుకుని, ఇంజను ఆగినా కొంతసేపు నీటిని తిప్పే చిన్న విద్యుత్ పంపు పెట్టి, పొగ వేడిగా ఉన్నంతసేపు ఇంజను తనంతట ఆగకుండా కట్టడి చేయాలి. టర్బో నుంచి ఆయిలు తిరిగి వచ్చే గొట్టం లావుగా, ఎక్కడా వంపు తిరిగి నిలవ ఉండకుండా కిందికి జారుతూ, సంప్‌లో (ఇంజను అడుగున ఆయిలు నిలిచే తొట్టిలో) ఆయిలు మట్టానికి పైన కలవాలి. మట్టానికి కింద కలిపితే ఆయిలు వెనక్కి తన్ని టర్బో సీళ్ల గుండా పొగలోకి పోతుంది. దాన్ని చూసి పిస్టన్లు పోయాయని ఇంజను విప్పినవాళ్లున్నారు.

వ్యాసకర్త భయపడిన కూడిక ఎక్కడైనా నిజమైతే అది క్లచ్ దగ్గర, గేర్‌బాక్సు దగ్గర. సీఆర్-జెడ్ మాన్యువల్‌కు కంపెనీ చెప్పిన గరిష్ఠ ఉమ్మడి టార్క్ 174 న్యూటన్ మీటర్లు. టర్బోతో ఇంజను 210 ఇచ్చే చోట మోటారు కూడా తన పూర్తి 78 కలిపితే 288 అవుతుంది, అదంతా ఒకే క్లచ్ పలక మోయాలి. బూస్ట్ ఆలస్యంగా రానిస్తే ఈ రెండు శిఖరాలూ ఒకే చోట కలవవు కాబట్టి కూడిక అంత దాకా పోదు. ఇది కూడా పెద్ద టర్బో వైపే మొగ్గే కారణం.

ఎక్కువ వోల్టేజీ మోసే నారింజ రంగు తీగల జోలికి వెళ్లే ముందు బ్యాటరీని విడదీసే సర్వీసు ప్లగ్ పీకి, కెపాసిటర్లు ఖాళీ అయ్యేందుకు కారు మాన్యువల్ చెప్పినంత సేపు ఆగి, 1000 వోల్టులకు పరీక్షించిన రబ్బరు తొడుగులు వేసుకుని, మీటరుతో చూసుకోవాలన్న వ్యాసకర్త మాట అక్షరాలా పాటించదగినది. టర్బో కోసం గేర్‌బాక్సు దించేవారు మోటారు తీగలను తాకక తప్పదు.

వ్యాసానికి కొనసాగింపు ఉంటుందని చివర రాశారు. అందులో కనెక్టింగ్ రాడ్ల గురించిన ఆ వాక్యాన్ని సవరించవలసిందిగా కోరుతున్నాను. డైనో (ఇంజను బలం కొలిచే యంత్రం) మీద తీసిన గీతలు ప్రచురించే ఉద్దేశం ఉంటే, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు ఒకటి, పూర్తిగా అడుగంటినప్పుడు ఒకటి తీసి, రెండూ ఒకే కాగితం మీద, బూస్ట్ గీతతో సహా వేయించండి. 2000కూ 3500కూ మధ్య ఆ రెండో గీత ఎలా ఉందో చూస్తే ఆ ఇంజను ఎంతకాలం ఉంటుందో పాఠకులే చెప్పగలరు.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుడు, ఇంజను పనివాడు